సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితము — నేననువాని విచారణ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్ర వ్రాయుమని కార్యనిర్వాహకులు కోరగా, కవులను దేశభక్తులను విడిచి వియన్నా నగర వైద్యుడొకనిని ఎన్నుకొంటిని. దీనికి కారణము లేకపోలేదు. ఫ్రాయిడ్ పేరు చదువుకొన్నవారందఱి నోటను వినవచ్చును. కాని ఆ పేరు వెంట వచ్చునది తఱచుగా ఒక్క మాటయే: మానవుని ప్రతి చేష్టకును కామమే మూలమని చెప్పినవాడు అని. ఇది అబద్ధము కాదు గాని, సగము మాత్రమే. దాదాపు నలువదేండ్లు మనస్సు అడుగున దాగినదానిని వెదకిన ఆ వైద్యుడు, తన అఱువదియేడవ యేట, అంతవఱకు తెలిసినదే యనుకొన్న ఒక వస్తువును చేతికి తీసికొని మఱల పరిశీలింప మొదలిడెను. ఆ వస్తువు పేరు నేను. మనము దినమునకు వేయిమార్లు పలుకు ఈ చిన్నమాట ఆయనను ఎట్లు చిక్కులపెట్టెనో, ఆ చిక్కునుండి ఒక క్రొత్తశాఖ యెట్లు పుట్టెనో చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఫ్రాయిడ్ 1856వ సంవత్సరము మే నెల 6వ తేదీన మొరావియా సీమయందలి ఫ్రైబర్గు అను చిన్న పట్టణమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. ఆ ఊరు నేడు చెక్ రిపబ్లిక్ దేశమున ప్రిబోర్ అను పేర నున్నది. తండ్రి యాకబ్ ఉన్ని వర్తకుడు. తల్లి అమాలియా భర్తకంటె ఇరువదేండ్లు చిన్నది. యాకబునకు మొదటి భార్యవలన కలిగిన కుమారులిద్దఱు ఇంచుమించు ఈమె యీడువారు. వారిలో ఒకని కొడుకు ఫ్రాయిడుకంటె ఒక యేడు పెద్దవాడు. అనగా ఈ బాలుడు పుట్టుటతోడనే తనకంటె పెద్దవాడైన అన్నకొడుకునకు పినతండ్రి యయ్యెను! మన ఉమ్మడికుటుంబములలో ఇట్టివి కొన్ని చూచియున్నాము గాని, వరుసకును వయస్సునకును పొందిక లేని ఆ యింటిలోనే, తండ్రికొడుకుల నడుమ నుండు ప్రేమద్వేషముల చిక్కు ఆయన మనస్సున మొదటిసారి నాటుకొనియుండునని చరిత్ర వ్రాసినవారు తలంతురు. వర్తకము చెడి కుటుంబము 1859లో లైప్‌జిగు నగరమునకును, మఱుసటి యేడు వియన్నాకును చేరెను. అచ్చటనే ఆయన డెబ్బదియెనిమిదేండ్లు నివసించెను.

బడిలో ఆయన ఎల్లప్పుడును మొదటి శ్రేణివాడు. గ్రీకు లాటిను కావ్యములు చిన్ననాడే చదివెను. 1873లో విశ్వవిద్యాలయమున వైద్యశాఖయందు చేరెను. వైద్యవృత్తిపై కంటె పరిశోధనపై ఆయనకు మక్కువ హెచ్చు. 1876లో ట్రియెస్టు రేవునకు పోయి, మగ మలుగుచేపకు బీజకోశము ఎచ్చట నుండునో కనుగొనుటకు ఇంచుమించు 400 చేపలను కోసి పరీక్షించెను. సముద్రతీరపు వారమగు మనకు ఆ పనిలోని ఓర్పెంతో వేఱుగ చెప్పనక్కఱలేదు. పిదప బ్రూకె అను ఆచార్యుని ప్రయోగశాలలో ఆఱేండ్లు నరములను సూక్ష్మదర్శినితో పరిశీలించెను. 1881లో పట్టము లభించెను. 1882లో మార్తా బెర్నేస్ అను కన్యతో వివాహము నిశ్చయమైనది గాని, చేత డబ్బు లేదు. ప్రయోగశాల కూడు పెట్టదని గురువే చెప్పగా, ఆయన మనస్సు చంపుకొని ఆస్పత్రిలో చేరెను. పెండ్లికి నాలుగేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఈ తొందరలోనే ఒక పెద్ద తప్పు జరిగినది. 1884లో కొకెయిను అను మందును ఆయన పరీక్షించి, దాని గుణములను మితిమీరి పొగడుచు వ్యాసము వ్రాసెను. మార్ఫియాకు అలవాటుపడిన ఒక ప్రాణస్నేహితునకు దానిని మాన్పుటకై ఈ మందు నిచ్చెను. ఆ స్నేహితుడు రెండింటికిని బానిసయై 1891లో మరణించెను. మహాపురుషుల చరిత్రలలో ఇట్టివానిని దాచుట మన దేశమున పరిపాటి. దాచినందువలన వారికి వచ్చు గౌరవమేమియు లేదని నా అభిప్రాయము.

1885 అక్టోబరున ఆయన పారిసు నగరమునకు పోయి, షార్కో అను మహావైద్యునికడ నాలుగు నెలలకు పైగా నేర్చెను. ఆయన జీవితము త్రోవ మార్చినది ఈ నాలుగు నెలలే. ఆ కాలమున హిస్టీరియా యను వ్యాధి వైద్యులను విసిగించుచుండెను. కాలు చేయి పడిపోవుట, మాట నిలిచిపోవుట, మూర్ఛలు వచ్చుట దాని లక్షణములు. ఎంత పరీక్షించినను శరీరమున కారణము కనబడదు. గ్రీకు భాషలో గర్భాశయమునకు గల పేరునుండి ఆ మాట పుట్టినది. కావున అది స్త్రీలకే వచ్చునని, చాలవఱకు నటనయేనని పలువురు తలచుచుండిరి. షార్కో రైలు ప్రమాదములకు లోనైన మగ పనివాండ్రయందు సయితము ఇదే వ్యాధిని చూపెను. రోగిని వశీకరణనిద్రలో ముంచి, మాటమాత్రమున చేయి పడిపోవునట్లు చేసి, మఱల మాటమాత్రమున లేచునట్లు చేసెను. భావమే శరీరమును కట్టివేయగలదని అక్కడ చూచినవారందఱికి స్పష్టమయ్యెను.

మన పల్లెలలో ఇట్టి స్థితి వచ్చిన ఆడుబిడ్డను గుఱించి రెండే మాటలు వినవచ్చుచుండెడివి. గాలి సోకినదనుట యొకటి, వేషములు వేయుచున్నదనుట రెండవది. మొదటి మాటకు వేపమండల దెబ్బలు, రెండవ మాటకు అత్తింటి దెబ్బలు. ఇప్పటికిని ఇవి పూర్తిగా పోయినవని చెప్పజాలను. ఫ్రాయిడ్ చేసిన మేలు నా దృష్టిలో ఇచ్చట మొదలగుచున్నది. ఆయన ఆ స్త్రీ ప్రక్కన కూర్చుండి, ఆమె చెప్పునది తుదివఱకు వినెను. వినుట యను దానిని చికిత్సగా చేసినవాడు ఆయన.

అయితే ఈ త్రోవ మొదట చూపినది జోసెఫ్ బ్రాయర్ అను పెద్దవైద్యుడు. 1880 మొదలు 1882 వఱకు ఆయన బెర్తా పాపెన్‌హైమ్ అను యువతికి చికిత్స చేసెను. ఆమెకు తండ్రి జబ్బు సమయమున కాలుచేతులు పడిపోయి, మాతృభాష మఱచిపోయి, అనేక బాధలు కలిగెను. ఒక వేసవిలో ఎంత దాహమైనను గ్రుక్కెడు నీరు త్రాగలేకపోయెను. నిద్రవంటి స్థితిలో ఒకనాడామె, ఒక కుక్క గ్లాసులోని నీరు త్రాగుట చూచి అసహ్యపడియు మర్యాదకై ఊరకుండిన సంగతి కోపముతో చెప్పెను. చెప్పిన వెంటనే నీరడిగి త్రాగెను. చెప్పుటవలననే ఒక్కొక్క బాధ తొలగుచుండుట చూచి బ్రాయర్ ఆశ్చర్యపడెను. ఇరువురును కలిసి హిస్టీరియా గుఱించి 1895లో ఒక గ్రంథము ప్రకటించిరి. కాని ఆ యువతి అప్పటికి పూర్తిగా స్వస్థపడలేదని, కొన్నేండ్లు వైద్యశాలలలో గడపెనని తరువాత తేలినది. ఆమెయే పిదప అనాథబాలికలకు ఆశ్రయము నడపి, 1904లో జర్మనీయందు యూదు స్త్రీల సంఘము స్థాపించెను. వైద్యగ్రంథములలో మాఱుపేరుతో రోగిగా మిగిలిన ఆమెకు లోకమున స్వంతపేరుతో దొరకిన కీర్తి ఇది.

ఫ్రాయిడ్ వశీకరణనిద్రను క్రమముగా విడిచిపెట్టెను. రోగి మంచముపై పరుండి మనస్సునకు తోచినదెల్ల, సిగ్గనిగాని వ్యర్థమనిగాని విడువక చెప్పవలెను. వైద్యుడు తలవైపున కనబడకుండ కూర్చుండి వినవలెను. ఇది యెట్లుండవలెనో తెలుపుటకు ఆయన రైలుప్రయాణమును ఉపమానముగా చెప్పెడివాడు. కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికుడు బయట కనబడునదెల్ల లోపలివానికి చెప్పుచు పోవునట్లు చెప్పవలెనట. ఇంజనుల కూతలతో పెరిగిన బిట్రగుంట వారికి ఈ ఉపమానము వేఱుగ వివరింపనక్కఱలేదు.

ఇట్లు చెప్పుచుండగా ప్రతి రోగియు ఒకచోట ఆగిపోవుచుండెను. ఆగినచోటనే అసలు సంగతి యున్నదని ఆయన గ్రహించెను. సహింపరాని తలంపును మనస్సు వెలికి రానీయక అడుగునకు త్రోయును. త్రోసినది చావక, వేఱొక వేషముతో శరీరమున బయలుపడును. 1894లోనే ఆయన దీనికి ఆత్మరక్షణ యను అర్థము నిచ్చు పేరు పెట్టెను. గమనింపవలసినదేమనగా, త్రోయువాడు ఎవడు? నేను. తలుపు కావలికాయువానిగా నేను అనునది ఆ శాస్త్రమున మొదటినుండియు ఉన్నది. కాని ముప్పదియేండ్లు ఆయన దృష్టి అంతయు తలుపు వెనుక నున్నదానిపై నిలిచెను. కావలివానిని ఎవరును ప్రశ్నింపలేదు. ఆ నాటి ఆలోచన యంతయు ఆవిరియింజను వంటిది. బాయిలరులో ఒత్తిడి పెరుగును. సరియైన త్రోవ లేనిచో అది ఎక్కడనో ఒకచోట చీల్చుకొని వచ్చును. భయమనునది సయితము దారిలేక విషమించిన కామశక్తియేనని ఆయన అప్పుడు నమ్మెను.

1896లో తన పద్ధతికి మనోవిశ్లేషణ మను పేరు పెట్టెను. ఆ యేడు అక్టోబరున తండ్రి మరణించెను. హిస్టీరియాకు కారణము బాల్యమున పెద్దలవలన కలిగిన దురాచారమేనని అప్పటికి ఆయన సిద్ధాంతము. 1897 సెప్టెంబరున ఆ సిద్ధాంతమును తాను నమ్మజాలనని ఫ్లీస్ అను మిత్రునకు జాబు వ్రాసెను. రోగులు చెప్పినవానిలో జరిగినదెంత, బాల్యమనస్సు కల్పించుకొన్నదెంత యను ప్రశ్న ఆయనకు ప్రబలమయ్యెను. తండ్రిపోయిన దుఃఖములో తన కలలనే తాను పరిశీలించుకొనుచు, తల్లిపై ప్రేమయు తండ్రిపై అసూయయు తనయందును కనుగొని, దానికి ఈడిపస్ అను గ్రీకు రాజు పేరు ముడివేసెను. నిజముగా హింసింపబడిన పిల్లల మాట ఈ మార్పువలన మఱుగుపడినదని తరువాతివారు చేసిన ఆక్షేపణ న్యాయమైనదే. ఆయన అట్టివి జరుగుచున్నవని ఎన్నడును కాదనలేదు గాని, శిష్యులు కొందఱు కాదన్నంత పని చేసిరి.

స్వప్నములను గుఱించిన మహాగ్రంథము 1899 నవంబరున వెలువడెను. ముఖపత్రముపై 1900 అని వేసిరి. 600 ప్రతులు అమ్ముడుపోవుటకు ఎనిమిదేండ్లు పట్టెను. పుస్తకములు ఎత్తి దించు పని చేసిన మనవంటి గ్రంథాలయముల వారికి ఇది కొంత ఊరట నీయగలదు.

1902 మొదలు ప్రతి బుధవారము సాయంకాలము కొందఱు ఆయన ఇంట చేరి చర్చలు సాగించిరి. 1909లో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయము ఆయనను పిలిచి ఉపన్యాసము లిప్పించెను. 1910లో అంతర్జాతీయ సంఘము ఏర్పడెను. వెంటనే కలహములును మొదలయ్యెను. 1911లో ఆడ్లర్, 1913 నాటికి యుంగ్ విడిపోయిరి. యుంగ్ కథ అందఱును వ్రాసినదే గనుక విడుచుచున్నాను. ఆడ్లర్ సంగతి మాత్రము చెప్పవలెను. మనిషి తాను తక్కువవాడనను బాధను కప్పిపుచ్చుకొనుటకు చేయు ప్రయత్నములే ముఖ్యమని, అనగా నేను అనుదాని పాట్లే ప్రధానమని ఆయన వాదించెను. ఫ్రాయిడ్ దానిని పైపై మాటలని త్రోసివేసెను. పండ్రెండేండ్ల తరువాత తానే నేనును గుఱించి గ్రంథము వ్రాయవలసి వచ్చెను. త్రోవ వేఱైనను ప్రశ్న ఒక్కటే. ఆ ఋణమును ఆయన ఒప్పుకొనియుండిన బాగుండెడిదని నాకు తోచును.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన కుమారులు రణరంగమున నుండిరి. వియన్నాలో బొగ్గు లేదు, రొట్టె లేదు. 1920 జనవరిలో కుమార్తె సోఫీ ఇన్‌ఫ్లూయెంజావలన ఇరువదియాఱేండ్ల వయస్సున మరణించెను. 1923లో తనకు దవడయందు పుండు కనబడెను, అది క్యాన్సరు. ఆ జూను నెలలోనే సోఫీ చిన్నకుమారుడు, నాలుగేండ్లవాడు, క్షయవలన పోయెను. కన్నీరు ఎరుగని ఆ వైద్యుడు ఆ మనుమనికొఱకు ఏడ్చెనందురు. తరువాతి పదునాఱేండ్లలో ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు జరిగెను. పైదవడ తీసివేసినచోట బిగించిన కృత్రిమపు పలక నోటిని ఎల్లప్పుడును ఒరయుచుండగా, ఆయన వినుటయు వ్రాయుటయు మానలేదు.

నేనును గుఱించిన గ్రంథము ఆ 1923 ఏప్రిలులో వెలువడెను. ఎందువలన వ్రాయవలసి వచ్చెను? రోగి ఒకచోట ఆగిపోవునని ముందు చెప్పితిని. ఆపుచున్నది నేను. కాని తాను ఆపుచున్నట్లు ఆ రోగికే తెలియదు! తెలిసినది నేను, తెలియనిది వేఱొకటి అని వేసికొన్న పాత పటము ఈ ఒక్క సంగతితో చిరిగిపోయెను. నేనులో సయితము నాకు తెలియని భాగము పెద్దదిగా నున్నది. మఱియొక వింత కూడ ఆయనను బాధించెను. కొందఱు రోగులకు గుణమగుచుండగానే బాధ హెచ్చును. బాగుపడుటకు తాము అర్హులము కామన్నట్లు ప్రవర్తింతురు. తెలియని కోరికవలెనే తెలియని అపరాధభావము కూడ కలదన్నమాట.

అందువలన మనస్సును మూడుగా పంచెను. ఆయన వాడిన జర్మను మాటలు పాలు త్రాగు పిల్లవానికి సయితము తెలిసిన మాటలు: అది, నేను, పైనేను. ఆంగ్లమున తర్జుమా చేసినవారు లాటిను పదములు తెచ్చి ఇద్, ఈగో, సూపరీగో అని బరువెక్కించిరి. మన పాఠ్యపుస్తకములు వానిని అచిత్తు, అహము, అధ్యహము అని సంస్కృతీకరించెను. ఈ గొప్పపేర్లవలన గర్వమును గుఱించిన చర్చ యేమోయని చదువరి భ్రమపడును. అది అనగా పుట్టుకతో వచ్చిన కోరికల గుంపు. పైనేను అనగా తల్లిదండ్రులు చిన్ననాడు పలికిన విధినిషేధములు లోపల కాపురముండుట. ఈ రెండింటి నడుమ, బయటిలోకముతో సరిపెట్టుకొనుచు నలుగునది నేను.

ఆయన నేనును గుఱ్ఱముపై కూర్చున్న రౌతుతో పోల్చెను. రౌతు గుఱ్ఱమును నడపవలెను గాని, పడిపోకుండుటకై చాలసార్లు గుఱ్ఱము పోదలచిన వైపే తానును పోవలసివచ్చును. కఠోపనిషత్తులో రథము, గుఱ్ఱములు, కళ్ళెము, సారథి చదివినవారికి ఇది వెంటనే స్ఫురించును. అంతమాత్రముచేత ఇదియెల్ల మనవారు చెప్పినదేయని పొంగిపోరాదు. అచ్చట రథమునకు స్వామియైన ఆత్మ వేఱుగ కలదు; చేరవలసిన పదము కలదు. ఇచ్చట రౌతు వెనుక మఱి యెవడును లేడు. నాకు మాత్రము ఉపనిషత్తుకంటె భారతము దగ్గఱగా తోచును. తిక్కన ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుని చూడుడు. ఒక చెవిలో విదురుడు ధర్మము చెప్పును, ఒక చెవిలో దుర్యోధనుడు పట్టుపట్టును, వాకిట కృష్ణుడు రాయబారియై నిలిచి యుద్ధము రాబోవుచున్నదని హెచ్చరించును. సింహాసనము ఆ గ్రుడ్డిరాజుదే. చెల్లునది ఆయన మాట కాదు. అందఱకును అవుననుచు, రాత్రి నిద్రపట్టక విదురుని పిలిపించుకొనును.

ఊరి లెక్కలు వ్రాయువారికి ఇంకొక పోలిక కూడ తట్టును. 1984లో రద్దగువఱకు ఉండిన కరణీకమును పెద్దలెఱుగుదురు. రైతునకు తన శిస్తు తగ్గవలెను, పైఅధికారికి జమాబందిలో లెక్క తేలవలెను, పొలములో పండినది మాత్రము పండినంతయే. ముగ్గురికిని ఒప్పునట్లు అడంగలు వ్రాయువాడు కరణము. తప్పు ఎవరిదైనను తిట్టు ఆయనకే. ఫ్రాయిడ్ చెప్పిన నేను ఇంచుమించు ఇట్టి ఉద్యోగి.

1926లో మఱియొక గ్రంథమున ఆయన తన పాతమాటను తానే త్రిప్పెను. భయము ఆవిరివలె పేరుకొని విషమించిన శక్తి కాదని, రాబోవు అపాయమును చూచి నేను ఎత్తు సిగ్నలని వ్రాసెను. సిగ్నలు పడగానే తలుపులు మూయుట, త్రోవ మళ్ళించుట మొదలగు రక్షణపనులు సాగును. బాయిలరునుండి సిగ్నలునకు వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. అంతవఱకు వైద్యుడు అడుగున నున్నది త్రవ్వితీయువాడు. ఇకమీదట నేను తన్ను తాను ఎట్లు కాపాడుకొనుచున్నదో చూచి, దానికి బలము చేకూర్చువాడు. డెబ్బదియేండ్లవాడు ముప్పదియేండ్ల తన సిద్ధాంతమును తలక్రిందు చేయుట ఏ శాస్త్రమున నైనను అరుదు.

ఈ పనిని పూర్తిచేసినది కడగొట్టు కూతురు ఆనా. ఆమె 1895లో పుట్టెను; బడిపంతులమ్మగా జీవితము మొదలిడి, పిల్లల మనస్సులను పరిశీలించెను; పెండ్లియాడక తండ్రికి తుదివఱకు నర్సుగా నుండెను. నేను చేయు రక్షణోపాయములను గుఱించి ఆమె 1936లో, తండ్రి ఎనుబదవ జన్మదినమునకు, ఒక గ్రంథము సమర్పించెను. దానిలోని పేర్లు క్రొత్తవి గాని పనులు మన సామెతల కెఱుకయే. అత్తమీది కోపము దుత్తమీద చూపుట ఒక ఉపాయము. తనలోని దుర్బుద్ధిని ఎదుటివానికి అంటగట్టి వానిని ద్వేషించుట ఒకటి. పంతులు చేత దెబ్బలుతిన్న పిల్లవాడు ఇంటికి వచ్చి అరుగుపై బెత్తము పట్టుకొని స్తంభములకు పాఠము చెప్పుట మఱియొకటి. భయపెట్టినవాని వేషము తానే వేసికొని భయము తీర్చుకొనుట యను ఈ చివరిదానిని గుర్తించుట ఆనా ప్రత్యేకత. ఆడలేక మద్దెల ఓడనుట వంటి సాకులకు ఎర్నెస్ట్ జోన్స్ అను శిష్యుడు 1908లోనే శాస్త్రమున పేరు పెట్టియుండెను. ఇవి రోగములు కావు. అందఱును దినదినము చేయునవే. ఒక్కటే ఉపాయము బిగుసుకొనిపోయి, సమయమునకు తగినట్లు మాఱకపోవుటయే రోగము.

ఈ విద్య మన దేశమునకు చేరుటకు ఎంతోకాలము పట్టలేదు. మన స్టేషను మీదుగా పోవు రైలుమార్గము ఉత్తరమున ముగియు కలకత్తానగరమున గిరీంద్రశేఖర బోసు అను వైద్యుడు, ఫ్రాయిడును చూడకుండగనే పుస్తకములవలన ఈ విద్య నభ్యసించి, 1921లో పరిశోధనగ్రంథము వ్రాసి ఆయనకు పంపెను. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. గీతను, పురాణములను, యోగసూత్రములను చదివిన పండితుడు ఈ బోసు. ప్రతి కోరికకును దానికి ఎదురైన కోరిక జంటగా నుండునని ఆయన స్వంత సిద్ధాంతము. భారతీయ రోగులయందు కొన్ని భయములు ఐరోపావారియందున్నంతగా కనబడలేదని గురువునకే వ్రాయుటకు జంకలేదు. ఆయన ఫ్రాయిడును ఒక్కనాడును కలిసికొనలేదు. జాబులు మాత్రము చాలకాలము నడచెను. 1931లో ఫ్రాయిడ్ డెబ్బదియైదవ జన్మదినమునకు ఆ సంఘమువారు తిరువాన్కూరున చెక్కిన దంతపు విష్ణువిగ్రహమును కానుకగా పంపగా, ఆయన దానిని తన వ్రాతబల్లపై నుంచుకొనెను. దేవుని నమ్మని ఆ యూదుని బల్లపై మన విష్ణువు ఎనిమిదేండ్లు నిలిచియుండెను.

మన తెలుగున ఈ ఆలోచన వైద్యశాలలకంటె ముందు నవలలకు చేరినది. గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర, బుచ్చిబాబు చివరకు మిగిలేది చదివినవారు, తల్లిదండ్రులవలన సంక్రమించిన బరువును దించుకొనలేక నలిగిపోవు నేనును వానిలో చూచియుందురు. ఆ రెండును నవలగానే గొప్పవి. వానిని ఫ్రాయిడునకు ఉదాహరణలుగా మాత్రమే చదువుట అన్యాయము.

1933లో బెర్లినున నాజీలు తగులబెట్టిన పుస్తకములలో ఫ్రాయిడ్ గ్రంథములును ఉండెను. 1938 మార్చిలో హిట్లరు సేనలు వియన్నాలో ప్రవేశించెను. ఆనాను గెస్టపోవారు పట్టుకొనిపోయి పగలెల్ల విచారించి సాయంకాలము విడిచిపెట్టిరి. ఆమె పైదుస్తుల మాటున విషము దాచుకొని పోయినదని, తండ్రి ఆ దినమంతయు గదిలో పచారుచేయుచు చుట్టలు కాల్చెనని చెప్పుదురు. అంతవఱకు కదలనన్నవాడు అప్పుడు బయలుదేరుట కొప్పుకొనెను. మరీ బొనపార్ట్ రాకుమారి ధనమును, జోన్స్ పలుకుబడియు తోడ్పడగా, జూన్ 4వ తేదీన రైలెక్కి 6వ తేదీన లండను చేరెను. వెంట కొనిపోలేక విడిచిన నలుగురు చెల్లెండ్రు ముసలితనమున నాజీల శిబిరములలో అంతమైరి. ఆ వార్త వినుటకు ఆయన బ్రతికి లేడు. 1939 సెప్టెంబరు 23వ తేదీన, యుద్ధము మొదలైన మూడువారములకు, బాధ భరింపరానిది కాగా, ముందు చేసికొన్న ఒప్పందము ప్రకారము వైద్యుడు మాక్స్ షూర్ మార్ఫియా యిచ్చెను. మెలకువ లేకయే ఆయన కన్నుమూసెను.

తరువాతి కథ ఇతరులది. హైంజ్ హార్ట్‌మన్ అను వియన్నావాడు 1937లో అచ్చటి సంఘమున చదివి 1939లో ప్రకటించిన గ్రంథమున, నేను అంతయు కలహమునుండియే పుట్టలేదని చూపెను. చూచుట, జ్ఞాపకముంచుకొనుట, మాటలు నేర్చుట, నడచుట వంటివి ఏ కొట్లాటయు లేకుండ తమంతట తామే పెరుగుననెను. ఆయన న్యూయార్కు చేరిన పిదప ఈ శాఖ అమెరికాలో దాదాపు ముప్పదియేండ్లు ఏలినది. లోకముతో సర్దుకొనిపొమ్మని రోగికి నేర్పుటయే దాని పనియైనదని దానిపై వచ్చిన నింద. ఆ శాఖవాడే ఎరిక్ ఎరిక్‌సన్ ఆనా శిష్యుడు. ఆయన 1962లో అహమ్మదాబాదుకు వచ్చి, 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మెలో గాంధిగారు నడచిన తీరును విని, దానిపై 1969లో గొప్ప గ్రంథము ప్రకటించెను. ఫ్రాయిడ్ స్వంతమాటలలో పెక్కు నేడు నిలువలేదు. స్త్రీల మనస్సును గుఱించి ఆయన చెప్పినది చాలవఱకు తప్పని ఆయన శిష్యురాండ్రే తేల్చిరి. ప్రయోగములకు లొంగని సిద్ధాంతమని శాస్త్రజ్ఞులు దూరమున నుంచిరి. పెద్ద మనోవ్యాధులకు నేడు మందులు వచ్చినవి. ఆ వ్యాధులున్న వారిని మంచముపై పరుండబెట్టి కలలడుగుట ఎవరును చేయరు. తెలియని భాగమొకటి మనస్సున నున్నదని, విని బాధను తగ్గింపవచ్చునని అన్న రెండు మాటలు మాత్రము పగవారు కూడ వాడుకొనుచున్నారు.

ఆనా లండనులోనే నిలిచెను. 1941లో బాంబులు పడుచుండగా హాంప్‌స్టెడ్ పేటలో తల్లిదండ్రులకు దూరమైన చిన్నపిల్లలకొఱకు శిశుశాలలు నడపెను. బాంబులకంటె తల్లినుండి ఎడబాటే ఆ పసివారిని హెచ్చుగ బాధించెనని దినదినము వ్రాసి యుంచిన పుస్తకములనుండి చూపెను. ఆమె 1982లో మరణించువఱకు తండ్రి కన్నుమూసిన ఇంటిలోనే నివసించెను. ఆ యిల్లు 1986 నుండి ప్రదర్శనశాలగా నున్నది. దంతపు విష్ణువును, రోగులు పరుండిన మంచమును, దాని తలవైపున ఆయన కూర్చుండి వినిన కుర్చీని నేటికిని అచ్చట చూడవచ్చును.